మూర్ఛ రోగి నిద్రలో మరణిస్తే: శవపరీక్ష చెప్పేది, ఇంటివారు చెప్పవలసినది

రాత్రి అందరితోపాటు భోజనం చేసి పడుకున్న మనిషి తెల్లవారి లేవడు. చూస్తే పక్కమీద బోర్లా పడి ఉంటాడు. పెదవుల వద్ద నురగ, ముఖమంతా నలుపు. ఇటువంటి మరణం ఊరిలో సంభవించినప్పుడు రకరకాల మాటలు పుడతాయి. గుండెపోటు అని కొందరు, పురుగుల మందు తాగాడని కొందరు, ఎవరో ఏదో చేశారని మరికొందరు అంటారు. ఆ మనిషికి చిన్ననాటి నుండి మూర్ఛవ్యాధి ఉన్నదన్న మాట మాత్రం బయటికి రాదు. అది ఇంటివారికి తెలుసు. కాని చెల్లెలి పెళ్ళి కావలసి ఉంటుంది, తమ్ముని సంబంధం మాటల్లో ఉంటుంది. అందుచేత నోరు మెదపరు.

మరణానికి కారణం కనుగొనే పనిలో పోలీసులు, వైద్యులు, ప్రయోగశాలలు పాల్గొంటాయి. అయితే మూర్ఛ రోగి విషయంలో వీరందరికంటె ముందు సాక్ష్యం చెప్పవలసినవారు ఇంటివారే. మూర్ఛ అనేది మెదడులోని విద్యుత్ ప్రవాహంలో కలిగే అలజడి. ప్రాణం పోయిన తరువాత ఆ విద్యుత్తు ఉండదు. కనుక కత్తితో కోసి చూసినంత మాత్రాన మూర్ఛ కనిపించదు. జబ్బు సంగతి దాచితే మరణం సంగతి కూడా దాగిపోతుంది. ఇది ఎట్లా జరుగుతుందో, పరిశోధన ఏ క్రమంలో సాగుతుందో ఈ వ్యాసంలో వివరిస్తాను.

లోకమంతా చూసిన ఒక దర్యాప్తు

ఈ విషయంలో అమెరికా క్రీడాకారిణి ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ మరణం మంచి ఉదాహరణ. 1988లో ఆమె 100 మీటర్ల పరుగును 10.49 సెకన్లలో, 200 మీటర్ల పరుగును 21.34 సెకన్లలో పూర్తి చేసి ప్రపంచ రికార్డులు నెలకొల్పింది. అదే సంవత్సరం సియోల్ ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణ పతకాలు, ఒక రజతం గెలుచుకుంది. అంత వేగం సహజంగా వచ్చింది కాదని, నిషిద్ధ మందులు వాడిందని అప్పుడే కొందరు ఆరోపించారు. ఏ పరీక్షలోనూ ఆమె దొరకలేదు.

1998 సెప్టెంబరు 21న కాలిఫోర్నియాలోని మిషన్ వియెహో పట్టణంలో, సొంత ఇంటిలో, నిద్రలోనే ఆమె మరణించింది. వయస్సు 38 సంవత్సరాలు. పాత ఆరోపణలన్నీ మళ్ళీ లేచాయి. మందుల వల్లనే గుండె ఆగిందని పత్రికలలో ఊహాగానాలు సాగాయి.

ఆరెంజ్ కౌంటీ అధికారులు తొందరపడి తీర్పు చెప్పలేదు. శవపరీక్ష చేసి, గుండెను, మెదడును విడిగా పరిశీలింపజేసి, రక్తాన్ని విషపరీక్షకు పంపి, దాదాపు నెల తరువాత అక్టోబరులో ఫలితాన్ని ప్రకటించారు. మెదడు ముందుభాగంలో పుట్టుకతో ఏర్పడిన రక్తనాళాల ముద్ద ఒకటి కనిపించింది. దానిని వైద్యులు కావెర్నస్ ఆంజియోమా అంటారు. నిద్రలో తీవ్రమైన మూర్ఛ వచ్చి, ముఖం దిండులో కూరుకుపోయి, ఊపిరాడక ఆమె మరణించిందని వారు నిర్ణయించారు. విషపరీక్షలో దొరికినవి మామూలు దుకాణాలలో అమ్మే నొప్పి మాత్ర, అలర్జీ మాత్రల స్వల్ప అంశాలు మాత్రమే. 1996లో విమాన ప్రయాణంలో ఆమెకు మూర్ఛ వచ్చిందన్న సంగతి కూడా ఈ నిర్ణయానికి బలాన్నిచ్చింది.

ఇక్కడ గమనించవలసినవి మూడు. పూర్వపు మూర్ఛల చరిత్ర తెలిసింది. శరీరం ఏ భంగిమలో ఉన్నదో నమోదైంది. మెదడును ప్రత్యేకంగా పరీక్షించారు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా పుకారే చరిత్రగా మిగిలిపోయేది.

ఈ మరణానికి వైద్యులు పెట్టిన పేరు

మూర్ఛ రోగి ఎటువంటి గాయం లేకుండా, నీట మునగకుండా, ఎడతెరపి లేని దీర్ఘ మూర్ఛలో చిక్కుకోకుండా హఠాత్తుగా మరణించి, శవపరీక్షలో విషం గాని మరొక రోగం గాని కారణంగా కనిపించనప్పుడు దానిని ఆంగ్లంలో సడెన్ అనెక్స్‌పెక్టెడ్ డెత్ ఇన్ ఎపిలెప్సీ అంటారు. పొడి అక్షరాలతో సుడెప్ అని వ్యవహరిస్తారు. ఈ నిర్వచనం 1997లో స్థిరపడింది. 2012లో దానిని మరింత స్పష్టం చేసి తరగతులుగా విభజించారు. పూర్తి శవపరీక్ష జరిగి మరే కారణమూ దొరకకపోతే 'నిశ్చితం' అంటారు. పరిస్థితులన్నీ సరిపోయినా శవపరీక్ష జరగకపోతే 'సంభావ్యం' అంటారు. వేరొక కారణానికి కూడా అవకాశం ఉంటే 'అవకాశం కలది' అంటారు. అంటే శవపరీక్ష లేనిదే నిశ్చితం అనే మాట రాదు.

అమెరికా నాడీ వైద్యుల సంఘం 2017లో విడుదల చేసిన మార్గదర్శకం ప్రకారం, మూర్ఛ ఉన్న పెద్దవారిలో ఏడాదికి సుమారు వెయ్యి మందిలో ఒకరు ఈ విధంగా మరణిస్తున్నారు. పిల్లలలో 4,500 మందికి ఒకరని అదే పత్రం పేర్కొన్నది. ఈ అంకెలు చూసి భయపడనక్కరలేదు. మూర్ఛ ఉన్నవారిలో అత్యధికులకు ఈ ముప్పు రాదు. అయితే ముప్పు అందరికీ సమానం కాదు. ఒళ్ళంతా బిగుసుకుని కొట్టుకునే పెద్ద మూర్ఛలు తరచుగా వచ్చేవారికి, ముఖ్యంగా నిద్రలో వచ్చేవారికి, అది ఎన్నో రెట్లు అధికం.

ఆ చివరి నిమిషాలలో ఏమి జరుగుతుందన్నది చాలాకాలం ఊహకే పరిమితమై ఉండేది. ఐరోపా, ఇజ్రాయెల్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలలో రోగులను రాత్రింబగళ్ళు వీడియోతో, మెదడు తరంగాల యంత్రంతో గమనించే ఆసుపత్రి విభాగాలు ఉన్నాయి. అటువంటి విభాగాలలోనే సంభవించిన 16 సుడెప్ మరణాలను సేకరించి 2013లో ఒక అధ్యయనం వెలువడింది. గుండె, శ్వాస వివరాలు దొరికిన ప్రతి సందర్భంలోనూ ముందు పెద్ద మూర్ఛ వచ్చింది. అది ఆగిన తరువాత శ్వాస కొద్దిసేపు వేగంగా సాగి, తడబడి, ఆగింది. ఆ తరువాతనే గుండె శాశ్వతంగా ఆగింది. ఎక్కువమంది రాత్రివేళ, దగ్గర ఎవరూ లేని సమయంలో మరణించారు. పలువురు బోర్లా పడి ఉన్నారు. మూర్ఛ తగ్గిపోయిందని ఊపిరి పీల్చుకునే ఆ కొద్ది నిమిషాలే అసలు గండమని దీని వలన తేలింది.

శవం మీద కనిపించే గుర్తులు, వాటి అర్థాలు

ఇంటివారు గుర్తులను చూసి అపార్థం చేసుకునేది ఈ దశలోనే. అందుచేత ఒక్కొక్కటిగా చెప్పుకుందాం.

నోట నురగ. పురుగుల మందు తాగినవారికి నురగ వస్తుంది. నీట మునిగినవారికి వస్తుంది. మూర్ఛలో ఊపిరితిత్తులలోకి నీరు చేరినా వస్తుంది. కాబట్టి నురగ ఉన్నదని విషమని తేల్చరాదు, విషం కాదనీ తేల్చరాదు. జీర్ణాశయం, కాలేయం, మూత్రపిండాల భాగాలు, రక్తం ప్రయోగశాలకు వెళ్ళిన తరువాతనే ఆ సంగతి స్పష్టమవుతుంది. రాత్రి నేలమీద పడుకున్నవారి విషయంలో పాముకాటును కూడా వైద్యుడు మనసులో ఉంచుకుంటాడు. కట్లపాము కాటు గుర్తు కంటికి ఆననంత చిన్నది.

ముఖం, ఛాతీ నల్లబడటం. గుండె ఆగిన తరువాత రక్తం బరువుకు కిందికి దిగి, శరీరంలో దిగువగా ఉన్న భాగాలలో చేరుతుంది. వెల్లకిలా ఉంటే వీపు నల్లబడుతుంది, బోర్లా ఉంటే ముఖం, ఛాతీ, పొట్ట నల్లబడతాయి. పరుపుకు ఒత్తుకున్న ముక్కు, పెదవుల చుట్టూ మాత్రం పాలిపోయి ఉంటుంది. కొన్ని గంటలకు ఆ రంగు స్థిరపడుతుంది. ఇది తెలియక కొట్టిన దెబ్బలని, గొంతు నులిమారని అనుకుని బంధువులు తగవులకు దిగుతారు. వైద్యుడు చర్మాన్ని కోసి చూస్తే దెబ్బ అయినచోట రక్తం కండలో గడ్డకట్టి ఉంటుంది, ఈ నలుపులో అట్లా ఉండదు. అయితే శరీరాన్ని మొదట చూసినప్పుడు ఎట్లా ఉన్నది, తరువాత ఎవరు తిప్పారు అన్నది ఇంటివారే చెప్పాలి. వెల్లకిలా పడుకోబెట్టిన శవానికి ముందువైపు నలుపు ఉంటే ఆ మాట తెలియని అధికారికి అనుమానం కలగడం సహజం.

నాలుక కొరుకుడు. నాలుక పక్కన కొరికిన గాయం, తడిసిన బట్టలు మూర్ఛను సూచిస్తాయి. కాని అవి కొందరిలోనే కనిపిస్తాయి. లేనంత మాత్రాన మూర్ఛ రాలేదని చెప్పడానికి వీలులేదు.

ఊపిరితిత్తులు. నీరు చేరి బరువెక్కి ఉండటం సాధారణంగా కనిపించే లక్షణం. కాని ఇది మరెన్నో మరణాలలో కూడా ఉంటుంది. దీనిని ఒంటరిగా ప్రమాణంగా తీసుకోరు.

మెదడు. పాత దెబ్బ మచ్చ, కంతి, బద్దెపురుగు గుడ్ల వలన ఏర్పడిన బుడగలు కనిపిస్తే మూర్ఛకు మూలం తెలిసినట్లే. మన దేశంలో ఈ బుడగలు మూర్ఛకు ఒక ముఖ్య కారణం. ఐతే ఎందరో రోగుల మెదడులో కంటికి ఏ లోపమూ కనిపించదు. లోతుగా చూడాలంటే మెదడును ఫార్మలిన్ ద్రావణంలో సుమారు రెండు వారాలు ఉంచి గట్టిపరచి, పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శినితో చూడాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మెలిక ఉంది. విషపరీక్షకు పంపే అవయవాలను మన దేశంలో సాధారణంగా గాఢమైన ఉప్పునీటిలో ఉంచుతారు. ఉప్పునీటిలో పెట్టిన ముక్క సూక్ష్మదర్శిని పరీక్షకు పనికిరాదు. దానికి ఫార్మలిన్‌లో వేరే ముక్కను మొదటనే తీసి పెట్టాలి. మూర్ఛవ్యాధి ఉన్నదని శవపరీక్షకు ముందే చెబితే వైద్యుడు ఆ ఏర్పాటు చేయగలడు. దహనమైన తరువాత చెబితే చేయడానికి ఏమీ మిగలదు.

రక్తంలో మందు. వాల్‌ప్రోయేట్, కార్బమాజెపైన్, ఫెనిటోయిన్, లెవెటిరాసెటామ్ వంటి మందులు రక్తంలో ఎంత ఉన్నాయో కొలుస్తారు. అమెరికాలో చికాగో నగరం గల కుక్ కౌంటీలో 66 మరణాలను పరిశీలించి 1984లో ప్రచురించిన నివేదికలో, చాలామంది రక్తంలో మందు తగినంత లేదని తేలింది. అయితే మరణానంతరం మందు స్థాయి మారుతుంది. అందుచేత అంకె తక్కువగా ఉన్నదని, మందు వేయలేదని ఇంటివారిని నిందించడం న్యాయం కాదు. మందు పేరు ముందుగా తెలిస్తేనే ప్రయోగశాల దానిని వెతకగలుగుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

నీటిలో, నిప్పులో జరిగిన మరణాలు

బావి గట్టున, చెరువులో, కాలువ వద్ద, పొయ్యి ముందు మూర్ఛ వచ్చి మరణించేవారు మన ప్రాంతాలలో ఉన్నారు. వీటిని సుడెప్ అనరు. మూర్ఛ కారణంగా జరిగిన ప్రమాదాలుగా లెక్కిస్తారు. నీటిలో దొరికిన శరీరం విషయంలో, ప్రాణముండగా మునిగాడా, చనిపోయిన తరువాత పడవేశారా అన్నది మొదటి ప్రశ్న. దీనికొరకు డయాటమ్‌లు అనే సూక్ష్మమైన నాచు కణాలు ఎముక మూలుగలో ఉన్నాయేమో చూసి, అదే చెరువు నీటితో పోల్చుతారు. నిప్పు విషయంలో శ్వాసనాళంలో మసి ఉన్నదా లేదా అన్నది చూస్తారు. మసి ఉంటే మంట అంటుకునే వేళకు ప్రాణం ఉన్నదని అర్థం.

మోకాలి లోతు నీటిలో పెద్దమనిషి ఎట్లా మునుగుతాడని ఊరివారు అడుగుతారు. స్పృహ లేని మనిషికి ముక్కు, నోరు మునిగేంత నీరు చాలు. ఆ మనిషికి మూర్ఛ ఉన్నదని తెలిసిన అధికారికి ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది, తెలియని అధికారికి అనుమానం పెరుగుతుంది.

చట్టం చెప్పేది

2024 జూలై 1 నుండి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. పూర్వపు 174వ సెక్షను ఇప్పుడు 194వ సెక్షను అయింది. ఆత్మహత్య, హత్య, ప్రమాదం, లేదా ఇతరుల నేరమని అనుమానం కలిగించే మరణం గురించి తెలిసినప్పుడు పోలీసు అధికారి సమీప ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు తెలిపి, శరీరం ఉన్నచోటికి వెళ్ళి, ఇరుగుపొరుగులోని ఇద్దరు లేక అంతకంటె ఎక్కువమంది పెద్దమనుషుల సమక్షంలో శవ పంచనామా వ్రాయాలి. గాయాలు, కమిలిన గుర్తులు అందులో వివరించాలి. ఆ నివేదిక 24 గంటలలో పై మేజిస్ట్రేటుకు చేరాలి. మరణ కారణం మీద సందేహం ఉంటే శరీరాన్ని శవపరీక్షకు పంపుతారు.

వివాహమైన ఏడు సంవత్సరాలలోపు స్త్రీ అనుమానాస్పదంగా మరణిస్తే, లేదా ఆత్మహత్య చేసుకుంటే, మేజిస్ట్రేటు విచారణ, శవపరీక్ష తప్పవు. వరకట్న మరణానికి సంబంధించిన నిబంధన పూర్వం భారత శిక్షాస్మృతిలో 304-బి. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 80వ సెక్షను.

అనుమానం ఎవరూ వ్యక్తం చేయకపోతే శవపరీక్ష లేకుండానే అంత్యక్రియలు జరిగిపోతాయి. కారణం తెలియాలని కోరుకునే కుటుంబం ఆ మాట అంత్యక్రియలకు ముందే పోలీసులకు వ్రాతపూర్వకంగా తెలపాలి.

సరిహద్దు కుటుంబాల ప్రత్యేక ఇబ్బంది

హోసూరు వారు వైద్యానికి బెంగళూరు వెళతారు. యానాం వారు కాకినాడ వెళతారు. పర్లాకిమిడి వారు శ్రీకాకుళం, విశాఖపట్నం వెళతారు. ఆడపిల్లను బళ్లారి నుండి అనంతపురానికి, రాయచూరు నుండి గద్వాలకు ఇస్తారు. చికిత్స కాగితాలు ఒక రాష్ట్రంలో ఉంటే మరణం మరొక రాష్ట్రంలో జరుగుతుంది. శరీరం ఏ పోలీసు స్టేషను పరిధిలో ఉన్నదో ఆ స్టేషనువారే పంచనామా చేస్తారు. మరణం ఎక్కడ జరిగిందో అక్కడే నమోదు అవుతుంది. సొంతూరి పంచాయతీలో నమోదు చేయించుకోవడం కుదరదు. నమోదుకు సాధారణ గడువు 21 రోజులు. నేరం జరిగిందని ఫిర్యాదు చేయదలచినవారు మాత్రం ఏ స్టేషనులోనైనా ఇవ్వవచ్చునని కొత్త సంహితలోని 173వ సెక్షను చెబుతున్నది.

భాష మరొక అడ్డంకి. మనం మూర్ఛ, ఫిట్స్ అనే జబ్బును కన్నడంలో మూర్ఛె రోగ అని, తమిళంలో వలిప్పు లేదా కాక్కాయ్ వలిప్పు అని, మరాఠీలో ఫెఫరే, మిరగీ అని అంటారు. అపస్మార అన్న మాటను కన్నడ, మరాఠీ, ఒడియా భాషల వారంతా గుర్తిస్తారు. శవపరీక్షను కన్నడంలో మరణోత్తర పరీక్షె, తమిళంలో పిరేత పరిసోదనై, మరాఠీలో శవవిచ్ఛేదన, ఒడియాలో శవ వ్యవచ్ఛేద అంటారు. 'స్పృహ తప్పేది' అని తెలుగులో మెల్లగా చెబితే అవతలి అధికారి నీరసం అని వ్రాసుకునే ప్రమాదముంది. పంచనామాలో సంతకం చేసే ముందు అందులో వ్రాసినది మన భాషలో చదివి వినిపించమని అడగడంలో తప్పు లేదు. ఊరిలో రెండు భాషలు వచ్చిన ఉపాధ్యాయుడో, పోస్టు మాస్టరో ఉంటే పక్కన కూర్చోబెట్టుకోవడం మేలు.

దాపరికం తెచ్చే నష్టం

మూర్ఛను దాచడానికి పెద్ద కారణం పెళ్ళి. హిందూ వివాహ చట్టంలో పూర్వం మూర్ఛను ఉన్మాదంతో జతచేసి వివాహానికి అడ్డంకిగా పేర్కొన్నారు. 1999లో పార్లమెంటు చట్టాన్ని సవరించి మూర్ఛ అన్న మాటను తొలగించింది. నేడు మూర్ఛ ఉన్న కారణంగా ఆ చట్టం కింద వివాహం చెల్లకుండా పోదు. చట్టం మారినా మన మాట తీరు మారలేదు.

దాని పర్యవసానం చూడండి. పిల్లకు జబ్బు ఉన్నదని చెప్పకుండా అత్తవారింటికి పంపుతారు. మాత్రలు అక్కడ అందరి ఎదుటా వేసుకోలేక ఆమె మానివేస్తుంది. ఒక రాత్రి మూర్ఛ వచ్చి మరణిస్తుంది. పుట్టింటివారు అత్తవారిని అనుమానిస్తారు. అత్తవారికి జబ్బు సంగతే తెలియదు కనుక చెప్పుకోవడానికి మాట ఉండదు. తల్లిదండ్రులు నిజం చెబితే తమ దాపరికం బయటపడుతుంది, చెప్పకపోతే నిరపరాధులు జైలు పాలు కావచ్చు. ఇందులో మరొక ముఖం కూడా ఉంది. నిజంగా హింసించి చంపినవారు 'ఆమెకు ఫిట్స్ ఉండేవి' అని చెప్పి తప్పించుకోజూడవచ్చు. మూర్ఛ ఉన్న మనిషి మరణాలన్నీ మూర్ఛ మరణాలు కావు. అందుకే ఏ పక్షం మాట ఎట్లా ఉన్నా, పూర్తి శవపరీక్ష, విషపరీక్ష, స్థల పరిశీలన జరిగి తీరాలి. పాత వైద్యపు కాగితాలు ఉంటే జబ్బు నిజమో కల్పితమో తేలిపోతుంది.

బ్రతికి ఉన్నవారికి కూడా ఇందులో మేలు ఉంది. కొందరికి పుట్టుకతో గుండె లయలో లోపం ఉంటుంది. లాంగ్ క్యూటీ అనే అటువంటి లోపంలో పరుగెత్తినప్పుడో, ఉలిక్కిపడినప్పుడో మనిషి కుప్పకూలి కొట్టుకుంటాడు. చూసేవారికి అది మూర్ఛ వలెనే ఉంటుంది. ఏళ్ళ తరబడి మూర్ఛ మందులే వాడిన సందర్భాలు ఉన్నాయి. ఇది తోబుట్టువులలో కూడా ఉండవచ్చు. శవపరీక్షలో ఏ కారణమూ దొరకనప్పుడు అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు ఇ.సి.జి. తీయించమని వైద్యులు సలహా ఇచ్చేది ఇందుకే.

బ్రిటన్‌లో 1999 సెప్టెంబరు నుండి ఏడాదిపాటు జరిగిన మూర్ఛ సంబంధ మరణాలపై 2002లో జాతీయస్థాయి సమీక్ష వెలువడింది. అందులో సుమారు 42 శాతం మరణాలు సరైన వైద్యంతో నివారించగలిగినవేమోనని, శవపరీక్షలలో అధికభాగం అసంపూర్ణమని తేల్చారు. అమెరికాలోని వైద్య పరిశోధనాధికారుల జాతీయ సంఘం 2018లో ఒక పత్రం ప్రకటించి, మూర్ఛ రోగి మరణంలో ఏమేమి అడగాలో, ఏమేమి పరీక్షించాలో, ధ్రువపత్రంలో మూర్ఛ అన్న మాట ఎట్లా వ్రాయాలో నిర్దేశించింది. సంపన్న దేశాలలోనే ఇంత అవసరమైనప్పుడు మన వద్ద ఇంటివారి మాటకు ఎంత విలువ ఉన్నదో ఆలోచించండి.

మరణం సంభవించినప్పుడు ఇంటివారు చేయవలసినవి

మొదట ప్రాణం ఉన్నదేమో చూసి, ఏమాత్రం ఆశ ఉన్నా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ప్రాణం పోయిందని స్పష్టమైతే శరీరాన్ని కడగడం, బట్టలు మార్చడం, పక్క ఎత్తివేయడం చేయరాదు. దిండు, దుప్పటి, దగ్గరున్న గ్లాసు, మాత్రల అట్టలు ఉన్నచోటనే ఉంచాలి. చివరిసారి ఎవరు ఎన్ని గంటలకు మాట్లాడారు, ఎవరు మొదట చూశారు, శరీరం ఏ వైపు తిరిగి ఉన్నది అన్నవి ఒక కాగితం మీద వ్రాసిపెట్టాలి. మూర్ఛ సంగతి పోలీసులకు, శవపరీక్ష చేసే వైద్యునికి ఇద్దరికీ చెప్పాలి. చివరి మూర్ఛ ఎప్పుడు వచ్చింది, ఏ మందు ఎంత మోతాదులో వాడుతున్నారు, ఇటీవల మానివేశారా, జ్వరం గాని నిద్రలేమి గాని ఉన్నదా, మద్యం అలవాటు ఉన్నదా అన్నవి దాచకుండా తెలపాలి. శవపరీక్ష నివేదిక ప్రతిని దరఖాస్తు చేసి తీసుకోవాలి. బీమా సొమ్ము వచ్చేది లేనిది కూడా అది సహజ మరణమా, ప్రమాదమా అన్న నిర్ణయం మీద ఆధారపడుతుంది.

అంతవరకు రాకుండా చూసుకోవడం ఎట్లా

ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. సక్రమంగా చికిత్స పొందితే వారిలో 70 శాతం వరకు మూర్ఛలు లేకుండా జీవించగలరు. మూర్ఛలు ఆగిపోతే ఈ ఆకస్మిక మరణపు ముప్పు కూడా బాగా తగ్గిపోతుంది. కనుక మందు ఒక్క పూట కూడా తప్పరాదు. బాగున్నదని సొంతంగా మానరాదు. ఊరికి వెళ్ళేటప్పుడు, జాతరకు వెళ్ళేటప్పుడు మాత్రలు వెంట ఉండాలి. నిద్ర చెడగొట్టుకోరాదు. రాత్రి మూర్ఛలు వచ్చేవారిని వేరే గదిలో ఒంటరిగా పడుకోనివ్వరాదు. బావిలో, చెరువులో దిగకుండా చెంబుతో స్నానం చేయాలి.

మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో తాళపు చెవులు, ఇనుప ముక్కలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం వలన ఏ ప్రయోజనమూ లేదు. నోటిలో చెంచా గాని, గుడ్డ గాని, నీళ్ళు గాని పెట్టరాదు. తల కింద మెత్తనిది పెట్టి, కొట్టుకోవడం ఆగగానే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే, లేదా వెంటవెంటనే మళ్ళీ వస్తే 108కి ఫోను చేయాలి. ఆగిన తరువాత పూర్తిగా తెలివి వచ్చేవరకు పక్కనే కూర్చుని శ్వాసను గమనించాలి. బోర్లా పడి ఉంటే తిప్పాలి. శ్వాస ఆగినట్లు కనిపిస్తే గట్టిగా తట్టి లేపాలి, అయినా ఊపిరి రాకపోతే ఛాతీ నొక్కుతూ ఆసుపత్రికి చేర్చాలి.

ఇంటిలో మూర్ఛ ఉన్నవారెవరైనా ఉంటే ఈ వారమే ఒక సంచి సిద్ధం చేయండి. వైద్యుని చీటీలు, మెదడు తరంగాల పరీక్ష, స్కానింగు కాగితాలు, వాడుతున్న మాత్రల ఖాళీ అట్ట ఒకటి అందులో పెట్టండి. మూర్ఛ వచ్చిన తేదీలు వ్రాసుకునే చిన్న నోటుపుస్తకం కూడా చేర్చండి. మందు పేరు తెలుగులోను, మీరున్న రాష్ట్రపు భాషలోను వ్రాయించండి. ఆ సంచి ఎక్కడున్నదో ఇంటిలో కనీసం ఇద్దరికి తెలియాలి. పెళ్ళయి వెళ్ళే పిల్లకు అదే సంచిని చేతికిచ్చి, అందులో ఏమున్నదో ఆమె భర్తకు వివరించి పంపండి. రాత్రివేళ వైద్యుని వద్దకు పరుగెత్తవలసి వచ్చినప్పుడు మొట్టమొదట అడిగేవి ఆ కాగితాలే.